బాకా స్వరం ఎక్కడ చెడుతుంది, ఎక్కడ బాగుపడుతుంది: ఇత్తడి వాద్యాన్ని మౌత్‌పీస్ నుంచి బెల్ దాకా పరీక్షించే పద్ధతి

బ్యాండు మేళాల్లో కొత్తగా చేరినవాళ్లు, పాత వాద్యాలు కొనేవాళ్లు మాటిమాటికీ అడిగేవి మూడు ప్రశ్నలు. ఒకే శ్రుతిలో ఉన్న రెండు ట్రంపెట్లలో ఒకటి వీధి చివరిదాకా ఖంగుమని వినబడుతుంటే రెండోది ఎందుకు ముద్దగా మోగుతుంది? కింది రిషభం ఎంత జాగ్రత్తగా ఊదినా ఎందుకు ఎక్కిపోతుంది? పొద్దున కలిసిన శ్రుతి మధ్యాహ్నం ఊరేగింపులో ఎందుకు నిలవదు?

మూడింటి జవాబూ గొట్టం లోపలి ఆకారంలోనే ఉంది. ప్రధానంగా మోగేది లోపలున్న గాలి, ఇత్తడి దానికి గోడ. ఆ గాలి ఎంత పొడవుంది, ఎక్కడ సన్నబడింది, ఎక్కడ విచ్చుకుంది, ఎక్కడ కారిపోతోంది అన్నవే స్వరాన్ని నిర్ణయిస్తాయి.

ఒక్క సూత్రం పట్టుకుంటే పని సగం తేలికవుతుంది. పెదవికి దగ్గరయ్యేకొద్దీ చిన్న తేడాకే స్వరం మారుతుంది. మౌత్‌పీస్ (పెదవికి ఆనించి ఊదే ముక్క) సన్నదారిలో అర మిల్లీమీటరు తేడా ఊదగానే తెలుస్తుంది. బెల్ (గొట్టం విచ్చుకున్న చివరి భాగం) అంచున బొటనవేలంత సొట్ట పడ్డా చాలాసార్లు వినేవాళ్లకు తెలియదు. కొనేవాళ్లు మాత్రం ముందు బెల్ మెరుపే చూస్తారు. అందుకే ఇక్కడ వరుస మౌత్‌పీస్‌తో మొదలవుతుంది. ఆ వరుస మార్చకండి.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- ఫోన్‌లో ట్యూనర్ యాప్, ప్రమాణం 440 హెర్ట్జ్ దగ్గర పెట్టి
- వెర్నియర్ కాలిపర్, లేదంటే స్టీలు స్కేలు
- సన్నటి వెలుగు పడే చిన్న టార్చి
- వాల్వు నూనె, స్లైడ్ గ్రీజు (రెండూ వేరు, ఒకదాని పని మరొకటి చేయదు)
- వంగే తీగ బ్రష్షు, మౌత్‌పీస్ బ్రష్షు
- వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు, గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే తేలికపాటి ద్రవం
- నూలు పీచు రాలని పాత ధోవతి గుడ్డ
- బాగుందని తెలిసిన మరో మౌత్‌పీస్
- నోటు పుస్తకం

ట్యూనర్ దగ్గర కొత్తవాళ్లు తికమకపడే సంగతి ఒకటుంది. మన మేళాల్లో ఎక్కువగా కనిపించేది బి ఫ్లాట్ ట్రంపెట్. వాల్వులేవీ (వేళ్లతో నొక్కే పిస్టన్లు) నొక్కకుండా ఊదిన షడ్జమం ట్యూనర్‌లో సి అని రాదు. బి ఫ్లాట్ అనో ఏ షార్ప్ అనో వస్తుంది. అది లోపం కాదు. మన లెక్కలో అది ఆరున్నర శ్రుతి.

ఏ కొలతైనా వాద్యాన్ని ఐదు నిమిషాలు ఊది వెచ్చబడ్డాకే తీసుకోండి. చల్లగా ఉన్న గొట్టం శ్రుతి దిగి ఉంటుంది. అప్పుడు రాసుకున్న అంకెలు దేనికీ పనికిరావు.

2. గొట్టం ఆకారాన్ని చదవడం

మొదట పొడవు. వాల్వులు నొక్కనప్పుడు గాలి నడిచే దారి బి ఫ్లాట్ ట్రంపెట్‌లో సుమారు 148 సెంటీమీటర్లు. టెనర్ ట్రాంబోన్, యుఫోనియం రెండూ దాదాపు 2.7 మీటర్లు, అందుకే వాటి షడ్జమం ఒక స్థాయి కింద ఉంటుంది. బి ఫ్లాట్ సూసాఫోన్ గొట్టాన్ని సాగదీస్తే ఐదున్నర మీటర్ల దాకా వస్తుంది, ఇంకో స్థాయి కిందికి. గొట్టాన్ని ఎన్ని చుట్లు చుట్టారన్నది దాదాపు లెక్కలోకి రాదు. చుట్టేది మోయడానికి వీలుగా ఉండాలనే.

తర్వాత వెడల్పు. ఇక్కడే వాద్యాల గొంతులు విడిపోతాయి.

ట్రంపెట్, ట్రాంబోన్ గొట్టం చాలా దూరం ఒకే వెడల్పుతో వెళ్లి చివర్లో విచ్చుకుంటుంది. ట్రంపెట్ లోపలి వ్యాసం సాధారణంగా 11.7 మిల్లీమీటర్లు. ఇలాంటి గొట్టంలో గట్టిగా ఊదినప్పుడు గాలి అల ముందుకు పోయేకొద్దీ దాని ముందు అంచు నిటారవుతుంది. పై హార్మోనిక్‌లు (మూల స్వరంతో పాటే మోగే పై స్వరాలు) బలపడి, చెవిని కోసినట్టు ఆ ఇత్తడి పదును వస్తుంది. అందుకే మెల్లగా ఊదినప్పుడు మెత్తగా ఉన్న ట్రంపెట్టే గట్టిగా ఊదితే పూర్తిగా వేరే గొంతు అవుతుంది.

యుఫోనియం, ఫ్లూగెల్‌హార్న్ గొట్టాలు మొదటి నుంచీ కొద్దికొద్దిగా వెడల్పవుతూ పోతాయి. దారి విచ్చుకుంటూ ఉంటే అల బలం పరుచుకుని అంత నిటారు కాదు. ఎంత గట్టిగా ఊదినా స్వరం గుండ్రంగానే ఉంటుంది. కార్నెట్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది.

మేళంలో వాద్యాలు ఎంచుకునేటప్పుడు ఈ తేడాను వాడుకోండి. పాట పల్లవి దూరానికి చేరాలంటే ట్రంపెట్. కింద నిండుదనం కావాలంటే యుఫోనియం. నాలుగు ట్రంపెట్లు కొని యుఫోనియం మానేసిన మేళంలో చప్పుడు పెరుగుతుంది గానీ నిండుదనం రాదు.

3. వాల్వులు నొక్కకుండా వచ్చే స్వరాలు

ఏ వాల్వూ నొక్కకుండా పెదవి బిగువు పెంచుకుంటూ పోతే ట్రంపెట్ వరుసగా ఇచ్చే స్వరాలు ఇవి: స, ప, పై స, అంతర గాంధారం, ప, కొంచెం దిగిన కైశికి నిషాదం, ఇంకా పై స. ఇందులో మొదటి స 233 హెర్ట్జ్, దానిపై స 466 హెర్ట్జ్.

ఈ వరుస దానంతటదే రాదు. పెదవి వైపు మూసుకుని, అవతల తెరుచుకుని ఉన్న తిన్నని గొట్టం బేసి హార్మోనిక్‌లే ఇస్తుంది. మౌత్‌పీస్, బెల్ కలిసి ఆ అనునాదాలను జరిపి స, ప, స, గ వరుసలోకి తెస్తాయి. కాబట్టి బెల్ శబ్దం పెంచడానికి మాత్రమే ఉందనుకోవద్దు. అది స్వరస్థానాలను కూడా కూర్చుతుంది.

ఇప్పుడు చేయాల్సిన పరీక్ష: ట్యూనర్ ముందు ఈ స్వరాలు ఒక్కొక్కటీ నాలుగు సెకన్లు నిలపండి. పెదవితో సర్దకుండా, వాద్యం ఎక్కడ కూర్చుంటే అక్కడే ఊది, సూచీ ఎక్కడుందో రాసుకోండి. గాంధారం ట్యూనర్‌లో 14 సెంట్లు కిందగా కనిపించడం సహజం. అర స్వరానికి 100 సెంట్లు. నిషాదం 31 సెంట్లు కిందగా ఉండటమూ సహజమే, దాన్ని ఎలాగూ వాడరు. రెండు షడ్జమాల మధ్య మాత్రం 15 సెంట్లకు మించి తేడా ఉంటే ఎక్కడో గాలి దారి చెడిందని అర్థం. ఆ చోటు వెతకడమే ఇకపై పని.

4. మౌత్‌పీస్: ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే

మౌత్‌పీస్‌లో నాలుగు భాగాలు చూడాలి. పెదవి ఆనే అంచు, దాని లోపలి కప్పు, కప్పు అడుగున ఉన్న సన్నదారి, అక్కడి నుంచి మళ్లీ విచ్చుకునే తోక.

కప్పు లోతు తగ్గితే పై హార్మోనిక్‌లు బలపడి స్వరం మెరుస్తుంది, పై స్థాయి తేలికవుతుంది, కింది స్థాయి పలచబడుతుంది. లోతు పెరిగితే స్వరం నిండుగా, నల్లగా మారుతుంది. ఎక్కువసేపు ఊదితే అలసట కూడా పెరుగుతుంది. కప్పు వెడల్పు ఎక్కువైతే పెదవికి చోటు దొరికి స్వరం పెద్దదవుతుంది, కానీ అంత కండబలం కావాలి.

నేర్చుకునేవాళ్లకు బాక్ కంపెనీ కొలతల్లో 7సి సరిపోతుంది. దాని కప్పు వ్యాసం సుమారు 16.2 మిల్లీమీటర్లు. సన్నదారి 3.66 మిల్లీమీటర్లు. ఒక కంపెనీ అంకెలు మరో కంపెనీకి కలవవు. యమహాలో దీనికి దగ్గరగా ఉండేది 11బి4. అంకె చూసి కొనకుండా కాలిపర్‌తో కొలిచి కొనండి.

పరీక్ష వరుస:

- టార్చి వెలుగులో సన్నదారి చూడండి. గుండ్రంగా, నున్నగా మెరవాలి. లోపల పచ్చటి చిలుము పొరలా కడితే ఆ 3.66 మిల్లీమీటర్లు 3.3 అయిపోతాయి. పైస్థాయి బిగుసుకుపోయి, ఊపిరి ఎదురు తన్నుతుంది.
- తోక చివర చూడండి. కింద పడిన మౌత్‌పీస్ తోక గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. వాద్యంలో సరిగా కూర్చోదు.
- పొడిగుడ్డతో తుడిచి, వాద్యంలో పెట్టి, కొద్దిగా తిప్పి వదలండి. ట్రంపెట్‌లో 2 నుంచి 2.5 సెంటీమీటర్ల దాకా లోపలికి వెళ్లాలి. అటూ ఇటూ ఊగకూడదు.

ఊగే మౌత్‌పీస్‌కు కాగితమో టెఫ్లాన్ టేపో చుట్టడం మేళాల్లో బాగా అలవాటు. ఆ పని మానేయండి. టేపు చుడితే తోక లోపలికి వెళ్లాల్సినంత వెళ్లదు. తోక కొసకూ లోపలి గొట్టం మొదలుకూ మధ్య ఉండే ఖాళీ కొన్ని మిల్లీమీటర్లే. అది మారితే పై స్వరాలన్నీ చెదిరిపోతాయి. శ్రుతి కుదరడం లేదని స్లైడ్ (శ్రుతి సర్దడానికి జరిపే గొట్టం) లాగుతూ కూర్చునేవాళ్లలో కొందరి అసలు బాధ ఈ టేపే.

ఇరుక్కుపోతే పట్టకారుతో తిప్పొద్దు. సుత్తితో కొట్టొద్దు. లోపలి గొట్టం పలచగా ఉంటుంది, టంకం ఊడి మెలి తిరుగుతుంది. మౌత్‌పీస్ పుల్లర్ అనే చిన్న పరికరం ఉంది. మేళానికి ఒకటి కొని పెట్టుకోవడం ఖర్చు దండగ కాదు.

5. లోపలి గొట్టం

మౌత్‌పీస్ కూర్చునే చోటి నుంచి ట్యూనింగ్ స్లైడ్ దాకా ఉన్న గొట్టాన్ని లీడ్‌పైపు అంటారు. తిన్నగా కనిపించినా ఇది సన్నని శంకువు. మొదట్లో సుమారు 9 మిల్లీమీటర్లు, చివరికి 11.7. ఈ వెడల్పు ఎంత మెల్లగా పెరుగుతుందన్న దాన్నిబట్టే ఊపిరికి ఎంత ఎదురు ఉంటుందో, స్వరాలు ఎంత సూటిగా కూర్చుంటాయో తేలుతుంది.

మౌత్‌పీస్ తర్వాత అతి సన్నని చోటు కాబట్టి ఇక్కడ పేరుకున్న మురికి అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. భోజనం చేసి, టీ తాగి, నోరు పుక్కిలించకుండా ఊదితే చక్కెర, నూనె మొదట అంటేది ఇక్కడే.

ట్యూనింగ్ స్లైడ్ తీసేసి, ఒక వైపు టార్చి పెట్టి, రెండో వైపు నుంచి చూడండి. లోపల నిలువునా ఒక పచ్చని గీత కనిపిస్తే అది మురికి, కడిగితే పోతుంది. బయటి వైపున ఎర్రటి, గులాబీ రంగు చుక్కలు కనిపిస్తే జాగ్రత్త. ఇత్తడిలోని జింకు కరిగిపోయి రాగి మాత్రం మిగిలిందన్నమాట. లోపలి నుంచి బయటికి తినుకుంటూ వస్తుంది. దానికి పాలిష్ పనిచేయదు. కొన్నాళ్లకు సూది మొనంత రంధ్రం పడుతుంది, అప్పుడు గొట్టమే మార్చాలి. పాత ట్రంపెట్ కొనేటప్పుడు ఇలాంటి చుక్కలు రెండు కనిపిస్తే ధరలో ఆ గొట్టం ఖరీదు తగ్గించమని అడగండి.

సొట్ట సంగతి కొంచెం వింతగా ఉంటుంది. ఒక స్వరానికి గాలి పీడనం ఎక్కువగా మారే చోట గొట్టం నొక్కుకుపోతే ఆ స్వరం ఎక్కుతుంది. గాలి ఎక్కువగా కదిలే చోట నొక్కుకుంటే దిగుతుంది. ఒక్కో స్వరానికి ఆ చోట్లు వేర్వేరు. అందుకే ఒకే సొట్ట పంచమాన్ని ఎక్కించి గాంధారాన్ని దింపగలదు. శ్రుతి అంతా ఒకే వైపు తప్పితే పొడవు తేడా. ఒక్కో స్వరం ఒక్కో వైపు తప్పితే ఆకారం తేడా. ఈ ఒక్క గుర్తు చాలా సమయం మిగులుస్తుంది.

6. శ్రుతి కలపడం, ఎండ లెక్క

ట్యూనింగ్ స్లైడ్ రెండు కాళ్ల గొట్టం. ఒక సెంటీమీటరు లాగితే గాలి దారి రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. ట్రంపెట్‌లో అది సుమారు 23 సెంట్లు దింపుతుంది. యుఫోనియంలో అదే ఒక సెంటీమీటరుకు 13 సెంట్లే దిగుతుంది, ఎందుకంటే గొట్టం పొడవు దాదాపు రెట్టింపు. ఇద్దరూ చెరో సెంటీమీటరు లాగి కలిసిందనుకుంటే పొరపాటు.

గాలి వేడెక్కితే అందులో ధ్వని వేగం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, 40 దగ్గర 355. గొట్టంలోని గాలి 10 డిగ్రీలు వేడెక్కితే శ్రుతి సుమారు 29 సెంట్లు ఎక్కుతుంది. ఊపిరి వేడి ఎలాగూ ఉంటుంది కాబట్టి నిజంగా కనిపించే తేడా అంతకన్నా కాస్త తక్కువ. ధనుర్మాసం తెల్లవారుజామున గుళ్లో కలిపిన శ్రుతి, వైశాఖంలో మిట్టమధ్యాహ్నం అమలాపురం రోడ్డు మీద ఎందుకు నిలవదో ఇప్పుడు తెలిసిపోయింది. ఎండలో ట్రంపెట్ వాళ్లు సెంటీమీటరు పైగా, యుఫోనియం వాళ్లు రెండు సెంటీమీటర్ల దాకా లాగాల్సి రావచ్చు. ఇత్తడి వ్యాకోచించడం వల్ల కలిగే తేడా పట్టించుకోనక్కర్లేనంత చిన్నది.

కలిపే వరుస:

- కీబోర్డు, హార్మోనియం ఉంటే అందరూ దానికే కలపాలి. హార్మోనియం శ్రుతి అప్పటికప్పుడు కదలదు.
- సన్నాయితో కలిసి వాయిస్తే సన్నాయికి కలపండి. సన్నాయి వాళ్లను జరగమనొద్దు.
- ముందు యుఫోనియం, దాని పైన ట్రంపెట్లు ఒక్కొక్కటిగా.
- అందరూ ఒకేసారి ఊది కలపడం వృథా. ఒక్కరే ఊదాలి, మిగతావాళ్లు వినాలి.
- నీడలో కలిపి ఎండలోకి నడిచాక పది నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి.

7. వాల్వులు, కింది రిషభం చిక్కు

రెండో వాల్వు అర స్వరం దింపుతుంది, మొదటిది ఒక స్వరం, మూడోది ఒకటిన్నర. ట్రంపెట్ 148 సెంటీమీటర్లు అనుకుంటే రెండో వాల్వు గొట్టం 8.8, మొదటిది 18.1, మూడోది 28 సెంటీమీటర్లు ఉండాలి. విడివిడిగా నొక్కితే అన్నీ సరిగ్గా పలుకుతాయి. రెండు కలిపి నొక్కినప్పుడే పేచీ. అప్పటికే ఒక వాల్వు వల్ల గొట్టం పొడవైంది కాబట్టి, రెండో వాల్వుకు ఇంకొంచెం ఎక్కువ గొట్టం కావాలి. అది లేదు. అందుకే స్వరం ఎక్కుతుంది.

ఈ లెక్క ప్రకారం ఎంత ఎక్కుతుందంటే:

- 1, 2 కలిపితే: 1.1 సెంటీమీటర్లు తక్కువ, 11 సెంట్లు ఎక్కువ
- 2, 3 కలిపితే: 1.7 సెంటీమీటర్లు తక్కువ, 16 సెంట్లు ఎక్కువ
- 1, 3 కలిపితే: 3.5 సెంటీమీటర్లు తక్కువ, 31 సెంట్లు ఎక్కువ
- మూడూ కలిపితే: 6.4 సెంటీమీటర్లు తక్కువ, 54 సెంట్లు ఎక్కువ

ఇప్పుడు దీన్ని సరళీ వరుసల మీద పెట్టి చూడండి. కింది స్థాయిలో మాయామాళవగౌళకు వేళ్లు ఇవి: స ఖాళీ, శుద్ధ రిషభానికి మూడు వాల్వులూ, అంతర గాంధారానికి 1, 2, శుద్ధ మధ్యమానికి 1, ప ఖాళీ, శుద్ధ ధైవతానికి 2, 3, కాకలి నిషాదానికి 2, పై స ఖాళీ. అన్నిటికన్నా ఎక్కువగా తప్పే మూడు వాల్వుల కలయిక సరిగ్గా రిషభం మీద పడింది. ఆ రాగంలో రిషభం షడ్జమాన్ని అంటిపెట్టుకుని ఉండాలి. అది అర స్వరంలో సగం పైకి లేస్తే రాగమే మారినట్టు వినిపిస్తుంది. శంకరాభరణంలో చతుశ్శ్రుతి రిషభం 1, 3తో వస్తుంది, అదీ ఎక్కేదే. నేర్చుకునేవాడికి చెవి లేదని తిట్టేముందు గురువు చూడాల్సింది మూడో స్లైడ్ కదులుతోందా లేదా అని.

సరిచేసే పద్ధతి: మూడో వాల్వు స్లైడ్‌కు ఉంగరం ఉంటుంది, అందులో ఎడమచేతి ఉంగరపు వేలు పెడతారు. 1, 3 స్వరానికి స్లైడ్‌ను సుమారు 1.7 సెంటీమీటర్లు, మూడు వాల్వుల స్వరానికి 3 సెంటీమీటర్లు బయటికి తోయాలి. చాలా కంపెనీలు మూడో గొట్టాన్ని తయారీలోనే కాస్త పొడుగ్గా పెడతాయి కాబట్టి మీ వాద్యానికి ఇంతకన్నా తక్కువే చాలవచ్చు. ట్యూనర్ పెట్టుకుని మీ వాద్యం కొలత కనుక్కుని, స్లైడ్ మీద స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకోండి. 1, 2 కలయికకు మొదటి స్లైడ్ మీద బొటనవేలి కొక్కెం ఉంటే అర సెంటీమీటరు తోయండి. అది లేకపోతే అదే స్వరాన్ని మూడో వాల్వు ఒక్కదానితో ఊది చూడండి. కొన్ని వాద్యాల్లో అదే నయంగా ఉంటుంది.

పాత ట్రంపెట్లలో మూడో స్లైడ్ తరచుగా బిగుసుకుపోయి ఉంటుంది. దానికి చిక్కటి గ్రీజు వేస్తే వేలితో కదలదు. పాత గ్రీజు పూర్తిగా తుడిచి, పలచటి స్లైడ్ నూనె వేయండి.

గాలి కారుతోందేమో చూడటం ఇలా:

- వాల్వు నొక్కకుండా ఆ వాల్వు స్లైడ్‌ను రెండు సెంటీమీటర్లు మెల్లగా లాగండి.
- పది సెకన్లు ఆగి వాల్వు నొక్కండి. టప్ అని వినిపిస్తే వాల్వు గాలి పట్టి ఉంచింది.
- చప్పుడే లేకపోతే వాల్వు అరిగింది, లేదా స్లైడ్ వదులైంది. గ్రీజు వేసి మళ్లీ చూడండి. అప్పటికీ లేకపోతే అరుగుదలే.
- ట్యూనింగ్ స్లైడ్ విడదీసి, ఒక కొస వేలితో మూసి, రెండో కొస నుంచి ఊదండి. నీళ్లు వదిలే మీట దగ్గర గాలి తగిలితే కార్క్ మార్చాలి. ఇది చవకలో అయ్యే రిపేరు, ఫలితం మాత్రం పెద్దది.

రెండో వాల్వు స్లైడ్ తీసేసి, వాల్వు నొక్కి, టార్చితో లోపలికి చూడండి. రంధ్రం పూర్తి గుండ్రంగా కనిపించాలి. చందమామ తరిగినట్టు ఒక పక్క అంచు అడ్డొస్తే, వాల్వు నొక్కే బొత్తం కింద ఉండే ఫెల్టు (మెత్తటి ఉన్ని బిళ్ల) అరిగిపోయి వాల్వు ఎక్కువ లోతుకు దిగుతోందన్నమాట. గాలి ఆ అంచుకు కొట్టుకుని స్వరం పొగచూరుతుంది. ఫెల్టులు మూడింటికీ ఒకేసారి మార్చండి.

కోనసీమలో చేతికందేది కొబ్బరినూనె. వాల్వుల్లో అది పోయొద్దు. చిక్కదనం ఎక్కువ, 24 డిగ్రీల కిందికి దిగితే గడ్డకడుతుంది, దుమ్ము పడితే జిగురవుతుంది. మిషను నూనె కూడా బరువే. వాల్వు నూనె మూడు నాలుగు చుక్కలు చాలు.

వాల్వు తీసి తిరిగి పెట్టేటప్పుడు వాటిమీద ఉన్న 1, 2, 3 అంకెలు చూడండి. 1 మౌత్‌పీస్ వైపు. మెల్లగా తిప్పుతుంటే చిన్నగా టక్కుమని కూర్చుంటుంది. పెట్టాక గాలి అసలు పోకపోతే వాల్వులు తారుమారయ్యాయి, లేదా అరచుట్టు తిరిగి కూర్చున్నాయి. గట్టిగా ఊది చూడటం కాదు, తీసి మళ్లీ పెట్టాలి.

8. బెల్

కింది హార్మోనిక్‌లు బెల్ విచ్చుకునే చోటు నుంచి ఎక్కువ భాగం వెనక్కి తిరిగి వస్తాయి. ఆ తిరుగు అలలే పెదవి కంపనాన్ని పట్టి నిలుపుతాయి. ట్రంపెట్‌లో సుమారు 1500 హెర్ట్జ్ దాటిన ధ్వని వెనక్కి రాకుండా బయటికి వెళ్లిపోతుంది, అదీ బెల్ ఎటు తిరిగి ఉంటే అటే. అందుకే బెల్ నేలకు వంచి ఊదితే ముందున్నవాళ్లకు మెరుపు అందదు. ఊరేగింపులో తల పైకెత్తి నడవమని పెద్దలు చెప్పేది చూపులకు మాత్రమే కాదు.

విచ్చుకోవడం ఆలస్యంగా, ఒక్కసారిగా ఉంటే స్వరం పదునుగా, సూటిగా పోతుంది. ముందునుంచే మెల్లగా విచ్చుకుంటే గుండ్రంగా పరుచుకుంటుంది.

బెల్ అంచు సొట్టలు చూపుకు మాత్రమే వికారం. బెల్ మెడ దగ్గర, అంటే సన్నగా ఉండి మలుపు తిరిగే చోట పడిన సొట్టలు మాత్రం తీయించాలి. పెరవలి మండలం అజ్జరంలో ఇత్తడి పాత్రల పనివాళ్ల చేయి గొప్పదే. కానీ గొట్టంలో సొట్ట తీయాలంటే లోపల సరైన కొలత ఉక్కు గుండు, బెల్‌కు అదే ఆకారపు కడ్డీ ఉండాలి. అవి ఉన్నచోటే ఇవ్వండి. బయట నుంచి సుత్తితో కొట్టి సరిచేస్తే లోపల అలలు అలలుగా మిగులుతుంది.

ఊదుతుంటే ఏదో ఒక స్వరం దగ్గరే జర్రుమని వినిపిస్తే బెల్‌ను వేలి కణుపుతో తట్టుతూ వెళ్లండి. ఊడిన టంకం దగ్గర చప్పుడు చితికినట్టు ఉంటుంది. వాల్వు మూతలు, నీళ్ల మీట స్ప్రింగు, స్క్రూలు కూడా ముట్టుకుని చూడండి. సగంసార్లు దోషం వదులైన మూతదే.

9. లోహం, పూత

పసుపు ఇత్తడిలో రాగి 70, జింకు 30 పాళ్లు. బంగారు ఇత్తడిలో రాగి 85. రాగి పాలు పెరిగితే స్వరం వెచ్చగా ఉంటుందని అమ్మేవాళ్లు చెబుతారు. గొట్టం ఆకారంతో పోలిస్తే ఆ తేడా చాలా చిన్నది. డబ్బు పరిమితంగా ఉంటే మంచి వాల్వులు, మంచి మౌత్‌పీస్ మీద పెట్టండి. ఖరీదైన పూత కన్నా అవే ఎక్కువ వినిపిస్తాయి.

చింతపండు పెట్టి తోమడం మన ఇళ్లలో ఇత్తడికి అలవాటే. వాద్యానికి వద్దు. పులుపు లక్కపూతను లేపుతుంది, కీళ్లలోకి దిగి జింకును తింటుంది. వాల్వుల దగ్గరికైతే అసలు రానివ్వొద్దు.

10. కడగడం, డెల్టా గాలికి కాపాడటం

అంతర్వేది, నరసాపురం వైపు సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. వాయించి వచ్చాక తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవాలి. ఊరేగింపులో చల్లే బుక్కా గులాలు ఇంకో శత్రువు. అది స్లైడ్ గ్రీజుకు అంటుకుని సన్న ఇసుకలా గీస్తుంది. స్లైడ్‌లు కదిపేముందే కీళ్ల దగ్గర దులిపి తుడవండి.

నెలకోసారి పూర్తి స్నానం:

- వాల్వులు తీసి వరుసగా గుడ్డ మీద పెట్టండి. వాటిని టబ్బులో వేయొద్దు, ఫెల్టులు తడవకూడదు.
- స్లైడ్‌లు తీసేటప్పుడు ఆ వాల్వు ముందే నొక్కి లాగాలి అన్నది గుర్తుంచుకుని, వాల్వులు తీసేముందే స్లైడ్‌లు వదులు చేసుకోండి.
- నీళ్లు గోరువెచ్చగానే ఉండాలి. వేడినీళ్లకు లక్కపూత లేచిపోతుంది.
- ఇరవై నిమిషాలు నాననిచ్చి, లీడ్‌పైపులో తీగ బ్రష్షు మూడు నాలుగుసార్లు పోనివ్వండి.
- మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, గ్రీజు, నూనె వేసి బిగించండి.

వాయించడం అయ్యాక లోపలి నీళ్లు వదలకుండా పెట్టెలో పెట్టడమే చాలా గొట్టాలను తినేసేది. కచేరీ ఏదైనా, ఎంత ఆలస్యమైనా, మీటలు నొక్కి ఊది నీళ్లు పోగొట్టాకే పెట్టె మూయండి.

11. లక్షణాన్ని బట్టి లోపం

- అన్ని స్వరాలూ ఒకేలా ఎక్కాయి: స్లైడ్ లాగాలి.
- పైస్థాయి మాత్రమే బిగుసుకుంది: మౌత్‌పీస్ సన్నదారి, లీడ్‌పైపు మురికి.
- అన్ని స్వరాలూ పొగచూరినట్టున్నాయి, ఊపిరి చాలడం లేదు: నీళ్ల మీట కార్క్, వాల్వు కారడం.
- ఒకే వాల్వు నొక్కినప్పుడు స్వరం మసకబారుతుంది: ఆ వాల్వు ఫెల్టు.
- గరగర చప్పుడు, ఊదితే బుడగలు: లోపల నీళ్లు.
- వాల్వు మెల్లగా లేస్తుంది: ముందు తుడిచి నూనె వేయండి, స్ప్రింగు సాగదీయొద్దు. సాగదీసిన స్ప్రింగు పక్కకు ఒరిగి వాల్వును అరగదీస్తుంది.

12. పాత వాద్యం కొనేటప్పుడు

ఉత్తరప్రదేశ్ మీరట్‌లోని జాలీ కోఠీ పేటలో తయారైన వాద్యాలు మన మేళాల్లోకీ వస్తాయి. ఎక్కడ తయారైనా చూసే వరుస ఒక్కటే. మీ సొంత మౌత్‌పీస్ తీసుకెళ్లండి, అమ్మేవాడి మౌత్‌పీస్‌తో వాయిస్తే లోపం ఎక్కడిదో తేలదు. లీడ్‌పైపు లోపలికి చూడండి, బయట ఎర్ర చుక్కలు వెతకండి. మూడు స్లైడ్‌లకూ టప్ పరీక్ష చేయండి. మూడో స్లైడ్ వేలితో కదులుతోందా చూడండి. ఖాళీ స్వరాలు ట్యూనర్ ముందు నిలపండి, ఆపైన మాయామాళవగౌళ ఆరోహణ ఒకసారి నెమ్మదిగా ఊదండి. బెల్ చివరికి చూడండి, బేరం అప్పుడు మొదలుపెట్టండి.